ముప్పావు టన్ను మనిషి

ఉభయ గోదావరి జిల్లాల్లో ఇల్లులాంటి బండి కట్టి, దాని నెత్తిన ఏసీ కూర్చోబెట్టిన మొట్టమొదటి మొనగాణ్ణి నేనే. కావాలంటే రావులపాలెం సెంటర్లో ఎవరినైనా అడగండి. అరటి మార్కెట్టు దాటి కాస్త ముందుకొస్తే హైవే పక్కన నా బాడీ షెడ్డు. ముప్పై ఏళ్ళకు పైగా లారీలకీ బస్సులకీ బాడీలు కట్టాను. ఏ బండికి ఎంత ఏసీ కావాలో, ఎంత చప్పుడైతే మనిషి ఓర్చుకుంటాడో, పైకప్పు ఎంత బరువు మోస్తుందో దూరం నుంచి చూసి చెప్పేయగలను.

ఇందులో నిజమెంతో తరవాత చెప్తాను. ముందు నా కోపం కక్కనివ్వండి.

పోయిన నెల కొవ్వూరులో ఒక ఏసీ మెకానిక్ పెద్దకర్మకి వెళ్ళాను. సందు మొదట్లోనే ఫ్లెక్సీ కట్టారు. "శీతల యంత్రాల మకుటం లేని మహారాజు" అని రాయించి, ఆయన ఫోటో వెనకాల మంచుకొండలూ ఒక తెల్ల ఎలుగుబంటీ పెట్టారు. కింద సంతాపం తెలిపేవాళ్ళ ఫోటోలు పదకొండు. పోయినవాడి మొహం కన్నా ఈ పదకొండు మొహాలే పెద్దవి. అందులో మొదటి మొహం మా రావులపాలెం హోటలాయనది. ఆయన భోజనాల హాలుకి చిన్న ఏసీలు రెండు చాలని ఆ మెకానిక్ మూడుసార్లు చెప్తే, మూడుసార్లూ నవ్వి పంపేసి, సినిమా హాలుకి సరిపోయేవి పెట్టించుకున్నాడు. ఇప్పుడక్కడ అప్పడం పళ్ళెంలో పడీ పడకముందే మెత్తబడిపోతుంది. అలాంటివాళ్ళు బతికున్నంతకాలం మాట వినరు, చచ్చాక మహారాజంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చించేద్దామని దగ్గరికెళ్ళాను. నాలుగో మొహం నాదే. తెల్లచొక్కా, చేతిలో సెల్లు, నవ్వు.

అడక్కుండా వేశారని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. అడిగే వేశారు. ఫోటో నేనే పంపాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాసి పొగిడితే ఈ కాగితానికీ ఆ ఫ్లెక్సీకీ తేడా ఏముంది?

సన్నటి మనిషి. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు, జేబులో చెక్కపిడి ఉన్న పాత స్క్రూడ్రైవరు. దాని మొన కంప్రెసర్‌కి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కుర్రతనంలో నరసాపురం వైపు ఒక ఐసు ఫ్యాక్టరీలో చేశాడు. అక్కడ గోడ అవతల మోటారు గొంతు మారితే ఇవతల అన్నం తింటూ లేచి పరిగెత్తాలి. ఆ చెవి అక్కడ తయారైంది. తరవాత రొయ్యల బండ్లకి చల్లమెషీన్లు బిగించాడు, ఆ తరవాత బస్సులకి. ఏ బండికి బిగించినా చివర్లో ఒక పని చేసేవాడు. స్టీలు గ్లాసు నిండా అంచుదాకా నీళ్ళు పోసి, బండి లోపల సీటు మీద పెట్టి, ఏసీ వేసి, ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాడు. నీళ్ళు వణికితే మెషీను మళ్ళీ విప్పాల్సిందే. బండి తెచ్చినవాళ్ళు హారను కొట్టి తొందరపెట్టినా కదిలేవాడు కాదు.

కోపం వస్తే ఆయనకి మర్యాద పెరిగేది. మామూలప్పుడు నన్ను "బావా" అనేవాడు. చుట్టరికం లేదు, ముప్పై ఏళ్ళ అలవాటు. కాస్త చిరాకు పడితే బావ పోయి "నువ్వు" మిగిలేది. కోపం ముదిరితే "మీరు" వచ్చేది, ప్రతి ముక్కకీ చివర "అండి" తగిలేది. ఇక "తమరు" అన్నాడంటే ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఒకసారి ఒక కాలేజీ బస్సు ఓనరుని పట్టుకుని, "తమరు చాలా చదువుకున్నవారండి, తమరికి తల లోపల ఏమీ లేదండి" అన్నాడు. ఆ ఓనరు సగం దూరం వెళ్ళాక గానీ అది తిట్టని తెలుసుకోలేదు.

ఆయన కోపమంతా ఒక్క విషయం మీదే. మనవాళ్ళు ఏసీని టన్నుల్లో కాదు, హోదాలో కొలుస్తారు. మా హాల్లో ఒకటిన్నర ఉంది, మా బావమరిది హాల్లో రెండుంది, కాబట్టి ఎండన పడి తిరిగే బండికి రెండుకి తక్కువైతే ఎలా అంటారు. బండి ఎంతుంది, కప్పు రేకుకి లోపల ఏముంది, అందులో పడుకునేదెవరు అని ఒక్కడూ అడగడు. ఆయన మటుకు, "వేడి వేరు, ఉక్క వేరు బావా. ఇది గోదారి. ఇక్కడ మనిషిని ఎండ చంపదు, ఉక్క చంపుద్ది" అనేవాడు.

నాలుగేళ్ళ కిందట, మే నెలలో, కొవ్వూరు నుంచి ఒక హెడ్మాస్టరు గారూ ఆయన భార్యా నా షెడ్డుకొచ్చారు. మాస్టారు రిటైరై చాలాకాలమైంది. ముప్పై అయిదేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పారు. పిల్లలకి గోడమ్యాపు మీద కర్ర పెట్టి దేశంలో నదులన్నీ చూపించారు గానీ, గోదావరీ కృష్ణా తప్ప ఇంకో నదిని కంటితో చూడలేదు. గొంతుకి ఆపరేషనయింది. మెడ దగ్గర చిన్న గొట్టం పెట్టారు. దాని మీద వేలు ఆనించి మాట్లాడితే గాలిలాంటి మాట వస్తుంది, పక్కన కూర్చుంటే వినపడుతుంది, అంతే. మాట పోయాక ఆయనకి నర్మద చూడాలనిపించింది. హోటళ్ళలో పడదు, గొట్టం శుభ్రం చేసుకోవాలి, దుమ్ము తగలకూడదు. అందుకని ఒక పాత స్కూలు మినీబస్సు కొని, పడకలూ పొయ్యీ బాత్రూమూ పెట్టి ఇల్లులా చెయ్యమన్నారు. కిటికీలు మూసే ఉంచాలి కాబట్టి ఏసీ తప్పదు.

అమ్మగారు ఒక్కటే అడిగారు. "ఆయన పిలిస్తే నాకు వినపడాలండి. కఫం అడ్డం పడితే నేను వెంటనే వెళ్ళాలి. చల్లగా లేకపోయినా పర్లేదు."

కాలింగ్ బెల్లు పెడతానన్నాను. మాస్టారు తల అడ్డంగా ఊపి, గొట్టం మీద వేలు పెట్టి, "ముప్పై అయిదేళ్ళు బెల్లు కొడితే లేచాను, కొడితే కూర్చున్నాను. ఇంక చాలు" అన్నారు.

మెకానిక్‌ని పిలిపించాను. ఆయన కేటలాగులేమీ చూడలేదు. మధ్యాహ్నం రెండు గంటలకి, మిట్టెండలో బండి నిలబెట్టించి, తువ్వాలు తడిపి పిండి లోపల తాడు మీద ఆరేసి, తలుపులు మూసుకుని కూర్చున్నాడు. ఎవరెన్ని పిలిచినా రాలేదు. ముప్పావు గంటకి చెమటతో ముద్దయి దిగాడు. తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. నిచ్చెనెక్కి కప్పు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు.

"ముందు ఈ రేకు కింద దట్టంగా ఫోము పరిపించు బావా. పైన తెల్లరంగు వేయించు. కిటికీలకి మందం తెరలు కట్టించు. అప్పుడు ముప్పావు టన్ను చాలు."

నేను రెండన్నాను.

ఆయన ఓపిగ్గానే చెప్పాడు. పెద్దది పెడితే పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుందట. ఆగినంతసేపూ తేమ లోపలే ఉండిపోతుంది, దుప్పట్లు చెమ్మగిల్లుతాయి. మళ్ళీ దబ్బుమని లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. దానికి తగ్గ జనరేటరు కావాలి, ఆ జనరేటరు గోల వేరే. చిన్నదైతే ఆగకుండా సన్నగా నడుస్తూ తేమ లాగుతూ ఉంటుంది. "చప్పుడు ఒకే తీరుగా సన్నగా ఉంటే చెవి దాన్ని మర్చిపోద్ది. మనిషి మాట వింటాది. ఆ తల్లి అడిగింది అదే కదా?"

నేను మళ్ళీ రెండన్నాను. నువ్వు అయింది, మీరు అయింది, తమరు అయింది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని నరసాపురం వెళ్ళిపోయాడు, రొయ్యల బండ్ల పని మీద.

ఎందుకన్నానో చెప్పేస్తాను. అంతటి బండి నా షెడ్డులోంచి బయటికొస్తుంటే హైవే మీద పోయే ప్రతివాడూ తలెత్తి చూడాలి. ముప్పావు టన్నంటే కప్పు మీద టిఫిన్ డబ్బాలా ఉంటుంది. రెండు టన్నులంటే ఏనుగు మీద అంబారీ. నాకు అంబారీ కావాలి. మాస్టారి గొంతు నా చెవిదాకా వచ్చింది, తలలోకి ఎక్కలేదు.

ఆయన ఊళ్ళో లేని పది రోజుల్లో, ఒక టూరిస్టు బస్సు నుంచి దించిన పాత మెషీను తెచ్చి వేరేవాళ్ళచేత బిగించాను. వెనకాల పెద్ద జనరేటరు పెట్టాను. కింద మెత్తటి కార్పెట్టు పరిచాను. ఫోము గీము ఏమీ లేదు. అమ్మగారు చూసి, చప్పుడెక్కువగా ఉందేమోనండి అన్నారు. కొత్త కదండీ, సర్దుకుంటుంది అన్నాను. పాతదే. మెకానిక్ గారు చూశారా అని అడిగారు. "ఆయనే చెప్పాడండి ఇది పెట్టమని" అన్నాను.

ఇప్పుడు మొదటి పేరా దగ్గరికి వెళ్దాం. మొట్టమొదటివాణ్ణి కాదు, రాజమండ్రిలో షూటింగులకి అలాంటి బండ్లు ఎప్పట్నుంచో వస్తున్నాయి. మొనగాణ్ణీ కాదు. దూరం నుంచి చూసి చెప్పగలనన్నానే, అది మాత్రం నిజం. దూరం నుంచే చూశాను.

అయిదో రోజుకి బండి తిరిగొచ్చింది. నాగపూరు కూడా దాటలేదు. అమ్మగారు ఒక్కరే దిగి షెడ్డులోకి వచ్చారు. నా ముందున్న స్టూలు మీద కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. మిట్టమధ్యాహ్నం, ఆవిడ ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. వెనక పడక మీద మాస్టారికి కఫం అడ్డం పడుతున్నట్టు తోచింది. పిలిచారు. ఏసీ హోరు. ఆగింది కదా అని మళ్ళీ పిలవబోతే దబ్బుమని లేచింది. చేతికందిన గ్లాసు విసిరారు. అది నా మెత్తటి కార్పెట్టు మీద పడింది, చప్పుడు లేదు. డ్రైవరు టీ తాగుదామని బండి ఆపబట్టి సరిపోయింది. ఆవిడ వెనక్కి వెళ్ళేసరికి మాస్టారి పెదాలు నల్లబడి ఉన్నాయి. గొట్టం శుభ్రం చేసి బతికించుకున్నారు.

"అప్పట్నుంచి గొంతు మీద వేలు పెట్టడం మానేశారండి" అని, చేతిలో ఉన్న పలక నా ముందు పెట్టారు. అరవై ఏళ్ళుగా చెయ్యి తిరిగిన హెడ్మాస్టరు దస్తూరి. "వినపడనప్పుడు పిలవడం దేనికి?"

 

అప్పుడు నేనే ఫోను తీసి మెకానిక్‌కి చేశాను. తప్పయిపోయింది, రమ్మన్నాను. అహం చంపుకుని చేశాను, అది మాత్రం నా ఖాతాలో రాసుకోండి. ఆయన వెంటనే బయల్దేరి వచ్చాడు. మూడు రోజులు పని. అంబారీని గొలుసు కప్పీ వేసి దించాడు, ఆ పెద్ద రంధ్రానికి రేకేసి మూశాడు, కప్పు కింద ఫోము, పైన తెల్లరంగు, కిటికీలకి తెరలు. కార్పెట్టు పీకి బయట పారేశాడు. ముప్పావు టన్ను మెషీను కింద మెత్తటి రబ్బరు దిమ్మలు పెట్టి కూర్చోబెట్టాడు.

నన్ను చూడగానే అన్న మాటలు ఇవి. గొంతు పెంచలేదు.

"తమరు చాలా పెద్దవారండి. నేను చెప్పానని చెప్పి పెట్టారటండి. ఒక ముసలాయన ఊపిరి మీద తమరి షెడ్డు పేరు రాయించుకున్నారండి. నాకేం కోపం లేదండి."

గ్లాసు పరీక్ష అయింది. నీళ్ళు అద్దంలా నిలిచాయి. అయినా ఆయనకి చాల్లేదు. అమ్మగారిని బండి ముందు భాగంలో పొయ్యి దగ్గర, వీపు ఇటు పెట్టి నిలబడమన్నాడు. మాస్టారిని వెనక పడక మీద పడుకోమన్నాడు. ఏసీ వేసి, మాస్టారూ ఒకసారి అమ్మగారిని పిలవండి అన్నాడు. మాస్టారు గోడ వైపు తిరిగారు. బతిమాలాడు. లేదు. నేను బయట, కప్పుకి వేసిన నిచ్చెన పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. ఆ పనంతటిలో నా వంతు ఆ నిచ్చెనే, ఇంతకన్నా ఎక్కువ చెప్పుకోను.

మెకానిక్ పడక పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టు మొదలెట్టాడు.

"నేను చదువుకోలేదు మాస్టారూ. అయినా నదుల సంగతి తెలుసండి. ఏ నదైనా మన గోదారిలాగే తూర్పుకి పోవల్సిందే. ఆ నర్మదా అంతే, తూర్పుకే పోయి మన సముద్రంలోనే కలుద్ది."

మాస్టారి భుజం కదిలింది.

"మా ఐసు ఫ్యాక్టరీలో అందరూ అదే అనేవారండి. నర్మద తూర్పుకే."

మాస్టారు ఇటు తిరిగారు. వేలు మెల్లగా గొట్టం మీదకి వెళ్ళింది.

"పడమరకి" అన్నారు.

పొయ్యి దగ్గర అమ్మగారు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎక్కడ పోతుందో అన్నట్టు అలాగే నిలబడి, "ఏమన్నారు? పడమరకి అన్నారా?" అని అడిగారు.

ఆయనకి నిజంగా తెలియదో, తెలిసే అన్నాడో నాకిప్పటికీ తెలీదు. అడిగితే "ఆయ్" అన్నాడు. ఆ ఆయ్‌కి అర్థమేంటో ఆయనకే తెలియాలి.

నెల తిరక్కుండా వాళ్ళు మళ్ళీ బయల్దేరారు. ఒక పొద్దున మెకానిక్ నా షెడ్డులో ఒక బస్సు కింద పడుకుని ఉండగా ఫోనొచ్చింది. నర్మద ఒడ్డు నుంచి అమ్మగారు. ఫోను మాస్టారికిచ్చారు. అవతల ఏమన్నారో నాకు వినపడలేదు, ఈయనకి వినపడింది. "అలాగేనండి, ఇంక మర్చిపోనండి" అని పెట్టేశాడు.

నాకు కోపం దేని మీదంటే, అదిగో, ఆయన మర్యాద మీద. ఆ మూడో రోజు నుంచి పోయేదాకా, నాలుగేళ్ళు, ఆయన నన్ను "గారు" అనే పిలిచాడు. పని మానలేదు, నా షెడ్డుకి రావడం మానలేదు, నా టీ తాగడం మానలేదు. మా ఆవిడకి జ్వరమొస్తే పెనుగొండ అమ్మవారి కుంకుమ తెచ్చిచ్చాడు. అన్నీ మర్యాదగానే. "టీ బావుందండి." "వస్తానండి." ఎన్నిసార్లు కయ్యానికి కాలు దువ్వానో. నాలుగు టన్నులు పెడతానన్నాను ఒకసారి, తిడతాడేమోనని. "మీ ఇష్టమండి" అన్నాడు. ఒక్కసారి బావా అనేసి పోతే ఆయన సొమ్మేం పోయేది? పోయాడు. అనలేదు. నేను ఎవరితో పోట్లాడాలి ఇప్పుడు, ఆ తెల్ల ఎలుగుబంటితోనా?

పెద్దకర్మ భోజనాలయ్యాక, మూడు గంటల ఎండలో, సందు చివర ఆ బండి ఆగి ఉంది. మాస్టారూ అమ్మగారూ అందులోనే వచ్చారు. అమ్మగారు లోపలికి పిలిస్తే ఎక్కాను. నా వెనకే హోటలాయనా ఎక్కేశాడు, లోపల ఎలా ఉంటుందో చూద్దామని. మాస్టారు వెనక పడక మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. అమ్మగారు పొయ్యి దగ్గర అటు తిరిగి టీ పెడుతున్నారు. ఏసీ నడుస్తోందని కిటికీ తెర కొస కదులుతుంటే తెలిసింది.

హోటలాయన కప్పుకేసి చూసి, ఇంత చిన్నది సరిపోతోందా, ఎవరు పెట్టించారు అని అడిగాడు. నాకు నోరు ఊరుకోదు. చెప్పాను. మొదట్లో నేను తప్పు చేశానని కూడా ఒప్పుకున్నాను, ఒప్పుకుంటే వినేవాళ్ళకి మన మీద నమ్మకం పెరుగుతుంది. తరవాత నేనే ఫోను చేసి ఆయన్ని రప్పించాననీ, మూడు రోజులూ పక్కనే ఉండి నిచ్చెన పట్టుకున్నాననీ చెప్పాను. హోటలాయన తల ఊపుతున్నాడు.

వెనక పడక మీంచి మాటొచ్చింది. గాలిలాంటి మాట. బండి ఈ చివరిదాకా, ప్రతి అక్షరం వినపడింది.

"ఫోను మీరు చెయ్యలేదు."

అమ్మగారు ఇటు తిరక్కుండానే, పాలు పొంగకుండా చూసుకుంటూ, "నేను చేశాను" అన్నారు.

"పలక చూడగానే షెడ్డు తాళాలు మా చేతిలో పెట్టి, పెనుగొండ పారిపోయారు మీరు" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండా. "మూడో రోజు, పనంతా అయ్యాక వచ్చారు. నిచ్చెన పట్టుకుంది మా డ్రైవరు."